డూన్ కోటను పొట్టేలు పట్టిన పొద్దు

మా ఊరివాళ్ళ లెక్క ప్రకారం నేను గాలికి కొట్టుకొచ్చినదాన్ని. ఎంత దూరం నుంచి కొట్టుకొచ్చానయ్యా అంటే, మా వంటింటి కిటికీ దగ్గర నిలబడితే మా పుట్టింటి పొగగొట్టం కనిపిస్తుంది. మధ్యలో ఉన్నది ఒక పాయ నీళ్ళు. ఆటు వేళ మా అన్నయ్య మోకాళ్ళు తడవకుండా నడిచొచ్చి టీ తాగి పోతాడు. అయినా సరే, అది కిల్‌టార్నా, ఇది గ్లాషమోర్. ఆ ఒడ్డున పుట్టినది ఈ ఒడ్డుకి చచ్చేదాకా పరాయిదే. మార్టీన్ మన్నెల్లీని కట్టుకుని ఈ ఇంట్లో అడుగుపెట్టి ముప్పై ఏళ్ళు దాటింది. పిల్లల్ని కన్నాను, పెంచాను, వాళ్ళు ఈ ఊరివాళ్ళయ్యారు, నేను మాత్రం కాలేదు. కిందటేడు చర్చి హాల్లో పిండివంటల పోటీ పెడితే నా రూబార్బ్ టార్ట్‌కి మొదటి బహుమతి వచ్చింది. మా అత్తగారు అట్రాక్టా చప్పట్లు కొట్టి, పక్కావిడతో, "అయితే మన ఊరివాళ్ళలో మొదటిది నోరీన్‌కి వచ్చిందన్నమాట," అంది. నోరీన్‌కి వచ్చింది రెండోది.

అలాంటి నాకు ఇంటి పూజ వంతు వచ్చింది.

మా వైపు ఏడాదికి రెండుసార్లు ఫాదర్‌గారు చర్చి వదిలి ఒక ఇంటికొచ్చి అక్కడే పూజ చెబుతారు. ఊరంతా ఆ ఇంటికి వస్తుంది. పూజయ్యాక అందరికీ అక్కడే టిఫిన్. వంతు ఇల్లిల్లూ తిరిగి మళ్ళీ మన గడపకొచ్చేసరికి పిల్లలకి పెళ్ళిళ్ళయిపోతాయి. అందుకే వంతు వచ్చిన ఇంటి ఆడది మనిషిలా ఉండదు. ఎవరూ తలెత్తి చూడని అటక లోపల కూడా రంగు వేయిస్తుంది. కోళ్ళగూటికి సున్నం కొట్టిస్తుంది. మొగుణ్ణి కూడా ఎక్కడైనా ఎండబెట్టి, దులిపి తెచ్చుకుంటే బాగుండుననిపిస్తుంది. పోయినసారి పూజ మా అత్తగారి చేతుల మీదుగా జరిగింది. నేను చెంచాలు తుడిచాను. ఈసారి ఆవిడ ఎనభై దాటి, మోకాళ్ళతో విసిగిపోయి, "కానీ, నువ్వే చెయ్యి. మాటొస్తే ఎలాగూ మాకేగా వచ్చేది," అంది.

నాకది చాలు. ఈ ఒక్క పూజ సరిగ్గా జరిగితే, గ్లాషమోర్ మొత్తం నా ఇంట్లో కూర్చుని, నా చేతి టీ తాగి, నన్ను ఈ ఇంటి మనిషి అని ఒప్పుకోక తప్పదు. అదీ నా ఆశ. పైకి ఎవరికీ చెప్పలేదు, మార్టీన్‌కి కూడా. జరక్కపోతే వంతు పోయినట్టే, పక్కింటికి వెళ్ళిపోతుంది. అది మళ్ళీ చుట్టు తిరిగొచ్చేసరికి నాకూ మోకాళ్ళు పోతాయి, నా బదులు ఇంకెవరో చేస్తారు, నేను మూల కుర్చీలో కూర్చుని గాలికి కొట్టుకొచ్చినదానిగానే టీ తాగుతాను.

అక్టోబర్ నెల. తెల్లారేసరికి ఇల్లు అద్దంలా ఉంది. బల్ల మీద ఇస్త్రీ చేసిన తెల్లగుడ్డ, కొవ్వొత్తులు. వంటింట్లో హామ్, సోడా రొట్టె, టార్టులు, ఉడకడానికి సిద్ధంగా గిన్నెడు గుడ్లు. పది గంటలకి పూజ. ఫాదర్ ఫీలన్ తొమ్మిదింటికే వచ్చేశారు. అదే నా కొంప ముంచింది.

ఈ ఫాదర్ కిల్కెన్నీ నుంచి ఈ మధ్యే వచ్చిన కుర్రాయన. మంచివాడే, కానీ రెండు పిచ్చులున్నాయి. ఒకటి హర్లింగ్. కర్రతో బంతిని బాదే ఆట అది, కిల్కెన్నీవాళ్ళు తిండి మానేసి ఆడతారు. ప్రసంగంలో మోషే ఎర్రసముద్రం దాటుతున్నా సరే, మధ్యలో ఈయన కాలేజీలో కొట్టిన గోలు వచ్చి పడుతుంది. రెండోది పాత రాళ్ళ పిచ్చి.

"ఇంకా బోలెడు టైముంది కదా డీలియాగారూ, అలా డూన్ చూసొచ్చేస్తాను," అన్నారు.

"ఇప్పుడెందుకు ఫాదర్? రెండువేల ఏళ్ళ నుంచి అక్కడే పడుంది. పూజయ్యాక మాత్రం ఎక్కడికి పోతుంది?"

"ఇలా వెళ్ళి అలా వచ్చేస్తానండీ."

ఏమంటాను? మా వైపు ఎవర్నీ మొహం మీద వద్దనం, చావనైనా చస్తాం గానీ. అందులోనూ ఫాదర్. మబ్బు పట్టి ఉందని గొడుగు చేతికిచ్చి మరీ పంపాను. నా అంత బుద్ధిమంతురాలు ఎక్కడుంటుంది!

డూన్ అంటే మా పొలం చివర, సముద్రంలోకి నాలుక చాపినట్టుండే కొండ మొన. మూడు వైపులా నిలువునా తెగిన రాయి, కింద అలలు. నాలుగో వైపు, నాలుక మొదట్లో, అడ్డంగా మూడు మట్టికట్టలు, వాటి మధ్య లోతైన కందకాలు. వీటన్నిట్నీ దాటి లోపలికి పోవడానికి ఉన్నది ఒకటే సందు, ఒక్క ఆవు పట్టేంత. లోపల గడ్డి, గొర్రెపెంట, గాలి తప్ప ఏమీ లేవు. ఇనుము కొత్తగా వచ్చిన రోజుల్లో ఎవరో కట్టుకున్న కోట అని ప్రభుత్వం బోర్డు పెట్టింది. ఎవరికి భయపడి కట్టుకున్నారో మాత్రం రాయలేదు. కిల్‌టార్నావాళ్ళకే అని మా అత్తగారి గట్టి నమ్మకం.

అక్కడ తవ్వకూడదని బోర్డు మీద ఉంది. బోర్డు మీద లేనిది ఇంకోటుంది, అది గ్లాషమోర్‌లో పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. డూన్ లోపల కర్ర ఎత్తకూడదు, రాయి విసరకూడదు, కుక్కని ఉసిగొల్పకూడదు. లోపలికెళ్ళిన జీవం వాళ్ళ అతిథి. దాని అంతట అది బయటికి రావాలి తప్ప తోలకూడదు. వాళ్ళంటే ఎవరని అడక్కండి, కంటికి కనపడకుండా అక్కడ ఉండేవాళ్ళని మేం పేరు పెట్టి పిలవం. మా పక్కింటి ఫెస్టీ పాడెన్ వాళ్ళ తాత ఒకసారి అక్కడ ఆవు మీద కర్ర ఎత్తితే, ఆ చెయ్యి కోడికాలులా ముడుచుకుపోయిందట. ఆయన పెళ్ళిఫొటోలో కూడా చెయ్యి అలాగే ఉంది కదా, ఆవు గొడవ ఆ తర్వాతది కదా అని నేనొకసారి నోరు జారాను. ఊరంతా నా వంక జాలిగా చూసి, "పాపం, దీనికేం తెలుసు" అనుకుంది.

పది కొట్టింది. ఊరంతా వచ్చి కూర్చుంది. ఫాదర్ లేరు. మా అత్తగారు గోడ గడియారం వంకా నా వంకా మార్చి మార్చి చూస్తోంది. అప్పుడు ఫెస్టీ పాడెన్ ఆయాసపడుతూ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"వదినా! ఫాదర్‌గారు డూన్‌లో చిక్కడిపోయారు!"

"అయ్యో దేవుడా! పడ్డారా?"

"లేదు లేదు, నిక్షేపంలా ఉన్నారు. బిషప్ వదలట్లేదు."

బిషప్ అంటే ఫెస్టీ పొట్టేలు. ఆ నడకలో దర్జా, మెడ కింద ఆ ముడతలు చూసి ఫెస్టీయే ఆ పేరు పెట్టాడు. అక్టోబర్ అంటే గొర్రెలకి పెళ్ళిళ్ళ నెల. ఏ గొర్రె పని అయిందో తెలియడం కోసం పొట్టేలు రొమ్ముకి ఎర్రరంగు దట్టంగా పూసి మందలోకి వదులుతారు. అది ఎక్కిన గొర్రెకల్లా నడుం మీద ముద్ర పడుతుంది. ఆ నెలంతా పొట్టేలు కంటికి కదిలేదల్లా అయితే పెళ్ళికూతురు, కాకపోతే పోటీకొచ్చిన పెళ్ళికొడుకు. ఫాదర్‌గారి నల్లకోటు చూసి అది ఏమనుకుందో దానికే తెలియాలి.

అందరం పరుగెత్తాం. పూజకి వేసుకొచ్చిన మంచి కోట్లు, మంచి బూట్లతో ఊరు ఊరంతా బయటి మట్టికట్ట ఎక్కి నిలబడింది. లోపల, మొన చివర్న, ఒక బండ మీద ఫాదర్ గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నారు. సందులో, కోటకి కాపలా వాడిలా, బిషప్.

"నేను బాగానే ఉన్నానండీ!" అని ఫాదర్ చెయ్యి ఊపారు. "కాస్త దీన్ని పిలుచుకుంటారా!"

ఊపి అటు తిరిగారు. ప్యాంటు వెనక భాగాన అరచేతి వెడల్పున ఎర్ర ముద్ర. నోరీన్ చప్పున సిలువ గుర్తు వేసుకుంది.

"ఇంక ఫాదర్‌గారి పని అయిపోయినట్టే లెక్క," అన్నాడు ఫెస్టీ మెల్లగా. "వచ్చే మార్చికి పిల్లల సంగతి చూసుకోవాలి."

మగాళ్ళందరికీ ఒక్కసారి దగ్గొచ్చింది. నాకు ఒళ్ళు మండింది.

"ఇకిలించింది చాలు గానీ, నీ పొట్టేల్ని బయటికి పిలువు ముందు!"

"కంగారు పడకండర్రా," అని ఫాదర్ అరిచారు, "కాకపోతే పన్నెండింటికి అవతలి చర్చిలో ఒక పెద్దాయన అంత్యక్రియలున్నాయి! పదకొండున్నర దాటితే నేను ఉండలేను!"

చనిపోయిన పెద్దాయన్ని ఆగమనలేం కదా. పదకొండుకల్లా పూజ మొదలవ్వకపోతే ఇవాళ్టికి లేనట్టే. వంతు పోతుంది. వంతు పోతే తర్వాతి ఇల్లు ఎవరిదనుకున్నారు? ఫెస్టీదే. వాడి ఇంట్లో గోడకి గోరు తగిలితే సున్నం రాలుతుంది.

ఫెస్టీ ముందు దాణా బక్కెట్ తెచ్చి గలగలలాడించాడు. బిషప్ వచ్చింది. సందు చివరిదాకా వచ్చి, ముందరికాళ్ళు సరిగ్గా డూన్ హద్దు మీద ఆనించి, తల బయటపెట్టి, ఒళ్ళు లోపలే ఉంచి బక్కెట్ మొత్తం ఖాళీ చేసింది. ఆ తినే సేపూ ముసలాళ్ళు ఒక చర్చ పెట్టారు. తల బయట ఉంది కనక తల మీద ఒక్కటి వేస్తే తప్పవుతుందా, అవదా అని. ఒకాయన తలే ముఖ్యం అన్నాడు. ఇంకొకాయన, కాదు, కాళ్ళు ఎక్కడుంటే జీవం అక్కడున్నట్టే అన్నాడు. చివరికి అందరూ మా అత్తగారి వంక చూశారు.

"తోక ఎక్కడుందో అదే లెక్క," అని తీర్పు చెప్పింది ఆవిడ.

తోకా, దానితోపాటు బిషపూ, బక్కెట్ నాకేసి లోపలికి వెళ్ళిపోయాయి.

తర్వాత ఫెస్టీకి ఇంకో తెలివి పుట్టింది. పొలంలోంచి రెండు గొర్రెల్ని తోలుకొచ్చి సందు ఎదురుగా నిలబెట్టాడు. వాటిని చూసి బిషప్ బయటికి వస్తుందని వాడి పథకం. ఆడవాళ్ళ సంగతి ఫెస్టీకి ఏం తెలుసు, బ్రహ్మచారి వెధవ! గొర్రెలు రెండూ బిషప్‌ని చూశాయి, కట్ట మీదున్న ఇంతమంది జనాన్ని చూశాయి, ఏ వైపు నయమో ఆలోచించుకుని బుద్ధిగా సందులోంచి లోపలికి పోయాయి. దాంతో కోటకి రాణివాసం కూడా ఏర్పడింది. బిషప్ ఇంక ఆ సందు వదిలి ఎందుకొస్తుంది?

"ఇలా కాదు," అన్నాడు మా మార్టీన్. మా ఆయన ఏడాదికోసారి ఇలా కాదు అంటాడు, ఆ తర్వాత నేను ఆయన బట్టలు ఉతుక్కుంటాను. ఆయనా ఫెస్టీ కలిసి పక్కనుంచి కందకంలోకి దిగి, కట్టెక్కి, ఫాదర్‌కి చెయ్యందించి ఇవతలికి లాగుతారట. ఫాదర్ కూడా అటువైపుకి పరుగెత్తుకొచ్చారు. మార్టీన్ సగం కట్ట ఎక్కేసరికి పైనుంచి రెండు కొమ్ములు కనిపించాయి. బిషప్ ఏమీ చేయలేదు పాపం, ఊరికే చూసింది. మార్టీన్ కట్ట మీద పట్టు వదిలేశాడు. ఫెస్టీని కూడా కలుపుకుని, తడిగడ్డి మీద జర్రున జారి, కందకంలో నడుంలోతు నీళ్ళలో కూర్చున్నాడు. ఒంటి మీదున్నది పెళ్ళినాటి సూటు. ఫాదర్ మళ్ళీ పరుగు పరుగున తన బండ ఎక్కేశారు.

ఎవడు కట్టాడో గానీ పనిమంతుడు! కత్తులూ ఈటెలూ పట్టుకొచ్చినవాళ్ళని ఆపడానికి కట్టినది, ఇన్ని వేల ఏళ్ళు వానలో కరిగాక కూడా, ఒక్క పొట్టేలుతో ఊరు మొత్తాన్ని ఆపింది.

"అదేమిటండీ, కర్ర పుచ్చుకుని ఒక్కటి వెయ్యండి, పోతుంది!" అని ఫాదర్ అరిచారు. గొంతులో ఓపిక తగ్గింది.

ఎవరి బూట్లు వాళ్ళు చూసుకున్నారు.

"కర్ర కుదరదు ఫాదర్," అంది మా అత్తగారు.

"ఎందుకు కుదరదు?"

"కుదరదంతే."

"పోనీ పూజ ఇక్కడే కానిచ్చేస్తే?" అంది నోరీన్. "ఆయన అటూ, మనం ఇటూ..."

"ఏమ్మా, వేసవి నుంచీ గోడలకి రంగులు వేసుకుంటూ కూర్చుంది గొర్రెపెంటలో పూజ చెప్పించుకోడానికా?" అన్నాను. "ఇంటి పూజ అంటే ఇంట్లో! నా ఇంట్లో!"

పదకొండుకి ఎంతోసేపు లేదు. అప్పుడు ఫెస్టీ, కందకంలోంచి తడి కుక్కలా, గొర్రెల కర్ర ఊనుకుంటూ పైకొచ్చి, గొంతు సవరించుకున్నాడు.

"ఒక మాట... వదిన ఉంది కదా."

"వదిన ఉంటే?" అన్నాను.

"అదే... నువ్వు కొట్టచ్చు కదా. నీకేం కాదుగా. నువ్వు ఈ ఊరిదానివి కాదు కదా, వదినా."

ఊరంతా నా వైపు తిరిగింది. అన్ని మొహాలూ ఒక్కసారి వెలిగిపోయాయి.

"అవునే, నిజమే!" అంది నోరీన్. "డీలియాది కిల్‌టార్నా కదా! డూన్‌లో వాళ్ళకి ఈమెతో ఏం పని!"

"దేవుడే పంపాడు," అన్నాడో ముసలాయన.

అరికాలి మంట నెత్తికెక్కడం అంటే ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది. ముప్పై ఏళ్ళు! వీళ్ళ పురుళ్ళకి పోయాను, చావులకి రొట్టెలు కాల్చి మోశాను, వీళ్ళ బంగాళాదుంపల తవ్వకాల్లో నడుం విరగ్గొట్టుకున్నాను. ఒక్కనాడు 'మన డీలియా' అన్న పాపాన పోలేదు. ఇవాళ అవసరం వచ్చేసరికి దేవుడు పంపాడట! అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు అంటే ఇదే.

కానీ కోపంగా ఉన్నంత మాత్రాన బుర్ర పనిచేయకుండా పోదు కదా. కర్ర ఎత్తితే నా పూజ నాకు దక్కుతుంది. కాకపోతే ఊరందరి కళ్ళెదుటా, నోటితో కాకపోయినా చేత్తో, నేను ఇక్కడిదాన్ని కాదని ఒప్పుకున్నట్టే. ఏ మాట అనిపించుకోడానికి ఈ పూజ పెట్టుకున్నానో ఆ మాట ఇంక జన్మలో రాదు. ఎత్తకపోతే పూజా పోతుంది, పైగా 'పరాయిది కాబట్టే సాయం చెయ్యలేదు' అంటారు. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారే, నాకు ముందు కందకం, వెనక గ్లాషమోర్.

మా అత్తగారి వంక చూశాను. ఎందుకో ఆవిడ ఒక్క మాట అంటుందేమో అనిపించింది. 'దాన్నెందుకు పంపుతారర్రా' అనైనా సరే. ఆవిడ పెదాలు బిగించుకుని సముద్రం వంక చూస్తోంది. నిజం చెబుతున్నాను, నాకు ఏడుపొచ్చేసింది.

"ఇలా తగలెయ్యి ఆ కర్ర!" అన్నాను ఫెస్టీతో.

కర్ర లాక్కుని కట్ట దిగాను. సందులోంచి నడిచాను. ఒక కట్ట దాటాను, రెండోదీ దాటాను. చివరి కట్ట దగ్గర బిషప్ నన్ను చూసి తల వంచింది. రొమ్మంతా ఎర్రగా, కళ్ళు పచ్చగా, మా ఊరి పెద్దమనిషిలాగే ఉంది. సరే రా, నీకూ నాకూ ఇవాళ తేలిపోవాలి అనుకున్నాను. కర్ర ఎత్తాను.

"ఒసేయ్! దించవే!"

వెనక్కి తిరిగి చూస్తే మా అత్తగారు. నడవలేని మోకాళ్ళతో దిగడం చేతకాక, మంచి కోటుతో కట్ట మీద చతికిలబడి, జర్రున జారి, సందులో పడి, లేచి, కట్ట పట్టుకుంటూ వచ్చేస్తోంది. టోపీ ఒక చెవి మీదికి వేలాడుతోంది.

"దించు! చెయ్యి పడిపోతుందే, పిచ్చిముఖమా!"

"ఎందుకు పడిపోతుంది?" అని నేనూ అరిచాను. "నేను ఈ ఊరిదాన్ని కాదుగా! ముప్పై ఏళ్ళ నుంచీ మీరేగా చెబుతున్నారు!"

"చెబుతాను! నా ఇష్టం, లక్ష చెబుతాను! అత్తని, ఆ మాత్రం అనకూడదా? నేనంటే అన్నాను, ఈ డూన్‌లో వాళ్ళకి తెలీదనుకున్నావా నువ్వెవరివో? ఇన్నేళ్ళు ఈ మట్టి తవ్వి, ఈ నీళ్ళు తాగి, ఈ గాలి పీల్చినదాన్ని వాళ్ళు వదిలేస్తారా? నిన్ను కాకపోతే ఇంకెవర్ని పట్టుకుంటారే!"

"అయితే ఇందాక నోరెందుకు మెదపలేదు?"

"నువ్వు నిజంగా ఎత్తుతావనుకున్నానా!" ఆవిడకి ఆయాసం వస్తోంది. నా మోచెయ్యి పట్టుకుంది, పట్టు మాత్రం ఉడుంపట్టు. "శ్మశానంలో నా పక్క చోటు నీకని ఎప్పుడో చెప్పి పెట్టానే. నా కడుపున పుట్టిన ఆడపిల్లలు అడిగినా ఇవ్వలేదు. ఆ పక్కన కోడికాలు చెయ్యి వేసుకుని పడుకుంటావా? తీర్పు రోజు దాకా దాన్ని చూస్తూ పడుండాలా నేను?"

నా చేతిలో కర్ర ఎప్పుడు కిందికి దిగిందో నాకే తెలియదు.

బిషప్‌కి కూడా ఏం చేయాలో తోచక మా ఇద్దరి వంకా చూస్తోంది.

"అమ్మా! ఇదంతా వట్టి మూఢనమ్మకం!" అని ఫాదర్ బండ మీద నుంచి అరిచారు. "చేతులు పడిపోవడమేమిటండీ! ఈ కాలంలో!"

మా అత్తగారు నిదానంగా ఆయన వైపు తిరిగింది. ఆ తిరగడం చూస్తే నాకే భయం వేసింది.

"అలాగా ఫాదర్? అయితే మీరే కొట్టండి."

"నేనా?"

"మీరు కిల్కెన్నీవారు. వచ్చి ఏడాది కూడా కాలేదు. మీకు చీమ కుట్టినట్టైనా ఉండదు. పైగా మీకు నమ్మకం కూడా లేదాయె!"

ఇంత సేపూ ఎవరికీ తట్టని ముక్క! కట్ట మీద జనం ఒక్కసారి హో అన్నారు.

"హర్లింగ్, ఫాదర్!" అని ఫెస్టీ కేక పెట్టాడు. "కాలేజీలో కొట్టారే, ఆ గోలు! ప్రతి ఆదివారం చెబుతారే!"

"అది బంతి అండీ!"

"ఇది ఇంకా పెద్దది, గురి తప్పదు!"

ఫాదర్ ఇటు చూశారు, అటు చూశారు, మొన చివర కింద సముద్రాన్ని చూశారు. ఆ తర్వాత తన కుడిచేతిని ఒకసారి చూసుకున్నారు. మూఢనమ్మకం లేనివాడికి చెయ్యి చూసుకునే పనేమిటో! చివరికి సిలువ గుర్తు వేసుకుని, గొడుగుని రెండు చేతులా పట్టుకుని, బండ దిగి, "కిల్కెన్నీ!" అని గావుకేక పెట్టి పరుగెత్తుకొచ్చారు. బిషప్ అటు తిరిగింది. ఫాదర్ ఒళ్ళంతా వంచి గొడుగు వెనక్కి ఎత్తి ఒక్క విసురు విసిరారు.

గొడుగు గాలికి ఫట్‌మని తెరుచుకుంది.

తగలనే లేదు. దాని ముక్కు ముందు నుంచి జానెడు ఎడంగా పోయింది. కానీ ఉన్నట్టుండి మొహం ముందు నల్లగా, రెక్కలు విప్పుకుని, పుల్లలన్నీ తిరగబడి ఊగుతూ ఏదో లేచేసరికి, బిషప్ అది సైతాను అనుకుందో, తనకంటే పెద్ద బిషప్ వచ్చాడనుకుందో, సందులోంచి లగెత్తింది. సందులో ఉన్నది మేమిద్దరం! నేను మా అత్తగారిని నడుం పట్టి లాగి కట్టకి అదిమాను. బిషప్ ఆవిడ్ని రాసుకుంటూ పోయింది, వెనకే రాణులిద్దరూ. బయట ఫెస్టీ రెండు చేతులూ చాపి నిలబడ్డాడు. ఆ నిలబడటం ఒక్క క్షణమే, తర్వాత పడుకుని ఉన్నాడు.

"నాకూ ముద్రేసిందే!" అంది మా అత్తగారు, కోటు వెనక చూసుకుని.

పదకొండు కొట్టేసరికి అందరం ఇంట్లో ఉన్నాం. ఫాదర్ పూజ ఎంత వేగంగా చెప్పారంటే, మేం ఒక ఆమెన్ ముగించేలోపు ఆయన తర్వాతి ఆమెన్ దగ్గర మా కోసం ఆగుతున్నారు. పూజ వస్త్రం తొడిగే తీరిక లేక మెడలో పట్టీ ఒక్కటే వేసుకున్నారేమో, ఆయన బల్ల వైపు తిరిగినప్పుడల్లా ఎర్రముద్ర కనిపించి, వరసలన్నీ పెదాలు కొరుక్కున్నాయి. సత్ప్రసాదం ఇస్తున్నప్పుడు మాత్రం ఊరంతా నాలుక చాపి కూడా ఆయన కుడిచెయ్యి వంకే చూసింది. చెయ్యికేం కాలేదు. గొడుగే చచ్చింది. పూజ అవ్వగానే ఆయన ఒక్కో జేబులో ఒక్కో ఉడికించిన గుడ్డు పెట్టుకుని అంత్యక్రియలకి పరుగెత్తారు. ఆ ముద్రతోనే వెళ్ళారని మాకు సాయంత్రం తెలిసింది.

ఊరు మాత్రం కదల్లేదు. మధ్యాహ్నం దాకా కూర్చుని హామ్ ఊడ్చేసింది, టార్టులు ఊడ్చేసింది, కుండెడు టీ తర్వాత కుండెడు టీ తాగింది. ఫెస్టీ కుర్చీలో కూర్చోలేక గోడకి ఆనుకుని నిలబడి తిన్నాడు. మా గోడల రంగు వాడి వీపుకి అంటుకుంది, ఆ తడిబట్టల మరక మా గోడకి అంటుకుంది. నేను వాడి కప్పులో ఇంకాస్త టీ పోశాను.

అందరూ వెళ్ళాక మా అత్తగారు పొయ్యి పక్కన కూర్చుని మోకాళ్ళు రాసుకుంటోంది. టీ తీసుకెళ్ళి చేతికిచ్చాను.

"పల్చగా ఉంది," అంది తాగి.

"అత్తయ్యా, ఏ పక్క?"

"ఏ పక్కేమిటి?"

"అదే... మీ పక్కన అన్నారుగా. ఎడమా, కుడా?"

ఆవిడ ఇంకో గుక్క తాగింది. నిప్పు వంక చూసింది.

"గోడ వైపు నీకు. సముద్రం వైపు నేను పడుకుంటాను. నీకు ఇట్టే జలుబు పట్టుకుంటుంది."

"మరి మార్టీన్?"

"వాడెక్కడో ఓచోట కాళ్ళ దగ్గర సర్దుకుంటాడులే."

నేను వంటింట్లోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను. కెటిల్ కూత మొదలయ్యేదాకా ఆగి, ఆ చప్పుడులో కడుపారా ఏడ్చాను.